సాయిసు, సాలోత్రి, నాల్‌బంద్ : గుర్రపు సేవలో మన పెద్దలు

మన సంఘం వార్షిక సంచికకు ఏదైనా ఒక చరిత్ర వ్యాసం వ్రాసి యివ్వమని కార్యవర్గంవారు అడిగారు. నవాబులను గూర్చో, కోటలను గూర్చో వ్రాస్తామని వారు అనుకొని వుంటారు. నవాబులను గూర్చి వ్రాసేవారు చాలామందే వున్నారు. ఆ నవాబు ఎక్కిన గుర్రాన్ని తెల్లవారుఝామున లేచి తోమినవాడిని గూర్చి వ్రాసేవారు మాత్రం అరుదు. మన చీరాల చుట్టుపక్కల ముస్లిం కుటుంబాల్లో రెండు మూడు తరాలు వెనక్కి వెళ్ళి చూడండి. జట్కా తోలినవారో, లాడాలు కొట్టినవారో, గుర్రాలకు మాలీషు చేసినవారో ఎవరో ఒకరు తప్పక తగులుతారు. మా యింట్లో మా దాదా వున్నారు. ఆయన స్టేషను దగ్గర జట్కా తోలేవారు. అందుచేత యీసారి వ్యాసం గుర్రపు సేవను గూర్చి.

ఈనాడు పందెపు గుర్రాలకు ఫిజియోథెరపీ అని ప్రత్యేకమైన చికిత్స వున్నది. కండరాలను మర్దన చేయడం, కాళ్ళను మెల్లగా సాగదీయడం, వాచిన చోట చల్లని నీటిధార పట్టడం, దెబ్బ తగిలిన గుర్రాన్ని నీళ్ళలో నడిపించడం, అన్నీ ఒక క్రమంలో చేస్తారు. ఇంగ్లండులో చార్లెస్ స్ట్రాంగ్ అనే ఆయన మొదట మనుషులకు ఫిజియోథెరపీ చేసేవాడు. మౌంట్‌బాటెన్ ప్రభువు తనకు చేసిన చికిత్సనే తన పోలో గుర్రాలకూ చేయమన్నాడట. ఆయన చేశాడు, గుణం కనిపించింది, తర్వాత పుస్తకాలు కూడా వ్రాశాడు. 1980లలో ఆ దేశంలో జంతువులకు చికిత్స చేసే ఫిజియోథెరపిస్టులకు ఒక సంఘమే ఏర్పడింది. మంచిదే. అయితే ఆ పుస్తకాల్లో వున్న పనుల్లో సగానికి పైగా మా దాదా రోజూ చేసేవారు. ఆయన ఏ పుస్తకమూ చదవలేదు. ఆయనకు వాళ్ళ అబ్బా చెప్పారు, ఆయనకు వాళ్ళ అబ్బా. మరి ఆ మొదటి అబ్బాకు ఎవరు చెప్పారు? ఆ దారి వెతుక్కుంటూ పోతే చాలా దూరమే పోవలసి వచ్చింది.

ముందు మాటలు చూద్దాము. గుర్రాన్ని చూసుకొనేవాడిని సాయిసు అంటాము. ఇది అరబ్బీ మాట. రాజకీయాన్ని ఉర్దూలో సియాసత్ అంటాము గదా, రెండింటికీ మూలం ఒకటే. గుర్రాన్ని సాకి, మాలిమి చేసి, అదుపులో పెట్టడం అనే అర్థంలో నుంచి ప్రజలను పాలించడం అనే అర్థం వచ్చింది. అంటే సాయిసు పని ముందు, సియాసత్ తర్వాత. ఎన్నికలప్పుడు మన నాయకులకు యీ సంగతి ఎవరైనా గుర్తు చేస్తే బాగుండును. గుర్రపు వైద్యుడిని అరబ్బీలో బైతార్ అన్నారు. అది గ్రీకులు గుర్రపు వైద్యుడికి పెట్టుకున్న పేరులో నుంచి వచ్చింది. ఇక మన దేశపు ఫౌజుల్లో ఆ వైద్యుడిని సాలోత్రి అన్నారు. ఇది మన శాలిహోత్ర మహర్షి పేరు. సంస్కృతంలో అశ్వశాస్త్రం చెప్పినవాడు ఆయన. ఆయన పేరుమీద నడిచిన శాస్త్రం పేరే వృత్తికి పేరయింది. గడ్డం పెంచుకొని ఐదు పూటలా నమాజు చేసే రిసాలా హకీము కూడా సాలోత్రి సాహెబే. ఆ పిలుపులో ఎవరికీ ఏ యిబ్బందీ కనిపించలేదు.

పుస్తకాలూ అలాగే చేతులు మారాయి. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదు ఖలీఫాల అశ్వశాలను చూసుకొన్న కుటుంబంవాడు ఇబ్న్ అఖీ హిజామ్ గుర్రపు స్వారీని గూర్చీ, వైద్యాన్ని గూర్చీ అరబ్బీలో వ్రాశాడు. పధ్నాలుగో శతాబ్దంలో కైరోలో సుల్తాన్ నాసిర్ ముహమ్మద్ కొలువులో అబూ బక్ర్ అల్ బైతార్ పెద్ద గ్రంథం వ్రాశాడు. వీరిద్దరూ అశ్వశాలల్లో పనిచేసినవారే. మన దక్కనులో బహమనీ సుల్తాను అహ్మద్ షా వలీ ఆజ్ఞపై అబ్దుల్లా ఇబ్న్ సఫీ శాలిహోత్రాన్ని పారశీకంలోకి తెచ్చాడు. షాజహాను కాలంలో మళ్ళీ ఒకసారి అనువాదం జరిగింది. ఆ పారశీకంలో నుంచి జోసెఫ్ ఎర్లెస్ అనే ఆంగ్లేయుడు 1788లో కలకత్తాలో ఇంగ్లీషులో అచ్చు వేయించాడు. తర్వాత సాదత్ యార్ ఖాన్ రంగీన్ అనే కవి ఉర్దూలో ఫరస్‌నామా వ్రాశాడు. దాన్ని 1911లో ఫిలట్ అనే సైనికాధికారి ఇంగ్లీషులోకి మార్చాడు. తెలుగులో మనుమంచిభట్టు పద్యాల్లో హయలక్షణ విలాసము వ్రాశాడు. సంస్కృతం, అరబ్బీ, పారశీకం, ఉర్దూ, తెలుగు, ఇన్ని భాషలవారు ఒక గుర్రం చుట్టూ చేరి, దాని కాలు ఎందుకు వాచిందో ఆలోచించారు. అది మాకు ముచ్చటగా అనిపించింది.

అయితే పుస్తకం వున్నంత మాత్రాన గుర్రం బతకదు. దానికి సాక్ష్యం మన సముద్రతీరంలోనే వున్నది.

చీరాల నుంచి బస్సులో వెళ్ళిరాగల దూరంలో మోటుపల్లి వున్నది. ఈనాడు చిన్న పల్లెటూరు. ఒకప్పుడు కాకతీయుల రేవు. 1244లో గణపతిదేవుడు అక్కడ వేయించిన అభయశాసనం యిప్పటికీ వుంది. తుఫానులో పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ పూర్వపు రాజులు లాక్కొనేవారనీ, తాము మాత్రం సుంకం తప్ప తక్కినదంతా వర్తకులకే వదులుతామనీ ఆ శాసనంలో చెప్పారు. సముద్రం మీద గుర్రాలు వచ్చేవని దీన్నిబట్టి తెలుస్తూనే వుంది. ఆ తర్వాత కొద్ది దశాబ్దాలకు మార్కోపోలో మన తీరాన్ని గూర్చి వ్రాశాడు. మోటుపల్లి రాజ్యాన్నీ, దాన్ని పాలించిన రాణినీ మెచ్చుకున్నాడు. అక్కడికి దక్షిణాన వున్న మాబారు, అంటే తమిళ తీరం, దాన్ని గూర్చి మాత్రం ఒక చేదు మాట వ్రాశాడు. అక్కడి రాజు ఏటా రెండువేలకు పైగా గుర్రాలను కొంటాడట. ఆయన సోదరులూ అలాగే కొంటారట. ఏడాది తిరిగేసరికి వందైనా మిగలవట. గుర్రాలను చూసుకోవడం తెలిసినవారు అక్కడ లేరు, గుర్రాలు అమ్మే వర్తకులు లాడాలు కొట్టేవారిని, వైద్యం చేసేవారిని అక్కడికి రానివ్వరు, గుర్రాలు చస్తేనే గదా మళ్ళీ బేరం, అని ఆయన చెప్పిన కారణం. మాంసం కలిపి వండిన అన్నం మేపుతారని కూడా వ్రాశాడు.

ఒక్క మార్కోపోలో చెబితే ఏదో పరదేశి మాట అనుకోవచ్చు. 1300 ప్రాంతంలో పారశీక చరిత్రకారుడు వస్సాఫ్ కూడా యించుమించు అదే చెప్పాడు. అతని మాట మాకు యింకా పనికివచ్చేదిగా తోచింది. ఓడ దిగిన గుర్రాన్ని నలభై రోజులు తాళ్ళతో, మేకులతో శాలలో కట్టేసి, నెయ్యి పట్టించిన ధాన్యం, పాలు పోసి కొవ్వెక్కిస్తారట. ఆ తర్వాత దాన్ని మెల్లగా అలవాటు చేయకుండా ఒక్కసారిగా ఎక్కి పరుగెత్తిస్తారట. కొద్దికాలానికే మెరికలాంటి గుర్రం మొద్దుబారిపోతుందట. ఈనాటి పశువైద్యుడిని అడిగినా యిదే చెబుతాడు. గుర్రం రోజంతా కొంచెం కొంచెం మేస్తూ, నడుస్తూ వుండవలసిన జంతువు. కదలకుండా కట్టేసి బలమైన తిండి పెడితే కడుపూ పాడే, కాళ్ళూ పాడే. వేల దీనారాలు పోసి కొన్నది ఒక సాయిసు లేక చచ్చిపోయింది.

విజయనగరం నాటికి గుర్రాల బేరం యింకా పెరిగింది. సాళువ నరసింహుడు హొర్ముజు, ఏడెను రేవుల నుంచి వచ్చే గుర్రాలను చచ్చినా బతికినా కొనేవాడనీ, దారిలో సముద్రం మీద చనిపోయినదానికి తోక తెచ్చి చూపిస్తే చాలు డబ్బు యిచ్చేవాడనీ న్యూనిజ్ అనే పోర్చుగీసువాడు వ్రాశాడు. కృష్ణదేవరాయలు ఏటా పదమూడువేల గుర్రాలను కొనేవాడని కూడా అతనే వ్రాశాడు. రాయలవారి సంగతి పేస్ మరోటి చెప్పాడు. తెల్లవారకముందే నువ్వులనూనె తాగి, వొంటికంతా నూనె పట్టించుకొని, కసరత్తు చేసి, ఆ చెమట పట్టాక గుర్రమెక్కి తెల్లవారేదాకా తిరిగేవాడట. మాలీషు విలువ తన వొంటికి తెలిసిన రాజు తన గుర్రానికి చేయించకుండా వుంటాడా అని మా అనుమానం.

పనివాళ్ళ జాబితా చూడాలంటే అక్బరు కాలానికి రావాలి. అబుల్ ఫజల్ ఐనె అక్బరీలో చక్రవర్తి శాలల్లో పన్నెండువేల గుర్రాలు వున్నాయని చెప్పి, వాటికి పనిచేసేవారి వరుస యిచ్చాడు. పైన అధికారులు ఎటూ వున్నారు, వారిని వదిలేద్దాము. కింద చాబుక్‌సవార్ వున్నాడు, గుర్రానికి నడక నేర్పేవాడు. బైతార్, వైద్యుడు. నాల్‌బంద్, లాడాలు కొట్టేవాడు. జీన్‌దార్, జీనులు చూసేవాడు. ఆబ్‌కష్, నీళ్ళు తోడేవాడు. ఖాక్‌రోబ్, చెత్త ఊడ్చేవాడు. సిపంద్‌సోజ్ అని మరొకడు, దిష్టి తగలకుండా గింజలు కాల్చి పొగవేసేవాడు. ప్రతి రెండు గుర్రాలకు ఒక సాయిసు. లాడాలు ఏడాదికి రెండుసార్లు మార్చేవారు, ఒక జత నాలుగు కాళ్ళకు పూర్వం ఎనిమిది దాములు యిచ్చేవారు, తర్వాత పది చేశారు. ఇంత పెద్ద గ్రంథంలో నాల్‌బంద్ కూలి రెండు దాములు పెరిగిన సంగతి కూడా వ్రాసినందుకు అబుల్ ఫజల్‌కు మనం రుణపడి వున్నాము. మన ఊళ్ళల్లో నాల్‌బంద్ అని యింటిపేరుగా పిలిపించుకొనేవారు యిప్పటికీ వున్నారు. ఆ పేరు చులకనైనది కాదని వారి పిల్లలకు తెలియాలి.

గిట్ట సంగతి కొంచెం చెప్పుకోవాలి. గుర్రం గిట్ట అడుగున మధ్యలో మెత్తని ముక్కోణపు భాగం ఒకటి వుంటుంది. అడుగు వేసినప్పుడల్లా అది నొక్కుకొని నెత్తుటిని పైకి తోస్తుంది. గిట్ట పెరిగిపోయినా, లాడం బిగుతైనా ఆ పని కుంటుబడుతుంది. మోకాలి కింద గుర్రానికి కండ లేదు, అన్నీ నరాల్లాంటి స్నాయువులే. అక్కడ దెబ్బ తగిలితే మానడానికి నెలలు పడుతుంది. వొంటి బరువులో నూటికి అరవై వంతులు ముందుకాళ్ళే మోస్తాయి. ఆ ముందుకాళ్ళకూ వొంటికీ మధ్య మనకున్నట్టు జత్రుక ఎముక లేదు, కండరాలతోనే వేలాడగట్టినట్టు వుంటుంది. అందుకే భుజానికి మాలీషు అంత అవసరం. దాదాకు యీ శరీరశాస్త్రం తెలియదు. భుజం దగ్గర మాత్రం ఆయన చేయి ఎక్కువసేపు ఆగేది.

హైదరాబాదులో గుర్రపు ఫౌజుల సంగతి కొద్దిగా చెప్పి మా యింటికి వస్తాము. నైజాముల సొంత దళాన్ని చూసిన వంశంవారిని పాయగా అన్నారు. ఆ మాటకు గుర్రపుశాల అనే అర్థం కూడా వున్నది. కంటింజెంటు రిసాలాల్లో సిలాదారీ పద్ధతి వుండేది. గుర్రం సర్కారుది కాదు, సవారుదే. జీతంలోనే గుర్రం మేపు, లాడాలు అన్నీ పోవాలి. గుర్రం కుంటితే సవారు కుంటినట్టే. ఇద్దరు సవార్లకు కలిపి గడ్డికోసి తెచ్చే మనిషి ఒకడు, వాడికో తట్టుగుర్రం. ఆ రిసాలాల్లో నుంచి వచ్చిన దక్కన్ హార్సు దళం 1916 జూలై 14న ఫ్రాన్సులో హైవుడ్ దగ్గర మరతుపాకుల కాలంలో గుర్రాలమీదే దాడి చేసింది. హైదరాబాద్ లాన్సర్లు 1918లో పాలస్తీనాలో వున్నారు. యుద్ధం అయ్యాక మనుషులు ఓడలెక్కి వెళ్ళారు. బ్రిటిషువారి గుర్రాల్లో వేలకొద్దీ అక్కడే కైరో వీధుల్లో బండ్లకు అమ్ముడుపోయాయి. పన్నెండేళ్ళ తర్వాత, 1930లో, డొరతీ బ్రూక్ అనే సైనికాధికారి భార్య కైరో వచ్చి వాటిని చూసింది. ఎముకల గూళ్ళై, గుడ్డివై, కుంటివై యింకా బండి లాగుతున్నాయి. ఆమె పత్రికకు జాబు వ్రాసి, చందాలు పోగుచేసి, ఐదువేల గుర్రాలను కొన్నది. చాలావాటికి చివరి రోజుల్లో గడ్డి పరుపు, నీళ్ళు, నొప్పి లేని చావు మాత్రమే యివ్వగలిగింది. 1934లో అక్కడ గుర్రాల ఆస్పత్రి పెట్టింది. బండి తోలుకొనే బీదవాడి గుర్రానికి ఉచితంగా వైద్యం చేసే ఆస్పత్రి. బీదవాడిని తిట్టడం తేలిక, వాడి గుర్రానికి మందు వేయడం కష్టం. ఆమె కష్టమైనదే ఎంచుకొంది.

ఇక మన జట్కా. చీరాల స్టేషనులో మెయిలు ఆగితే పేరాలకు, వేటపాలేనికి వెళ్ళేవారు బయటికి వచ్చి, "ఏం సాయిబూ, ఎంత యిమ్మంటావు?" అని అడిగేవారు. చేనేత బట్టల మూటలు, జీడిపప్పు బస్తాలు కూడా జట్కాల్లోనే వెళ్ళేవి. దాదా నాలుగింటికి లేచేవారు. దీపం వెలిగించకముందే చీకట్లో గుర్రం నాలుగు కాళ్ళనూ అరచేత్తో పైనుంచి కిందికి నిమిరేవారు. ఏ కాలు తక్కిన మూడింటికన్నా వేడిగా వుందో చూడడం మొదటి పని. "బేటా, గుర్రం మాట్లాడదంటారు గాని, కాలితో మాట్లాడుతుంది. పొద్దున్నే వినకపోతే మధ్యాహ్నం నువ్వే మోయాలి" అనేవారు. తర్వాత గిట్టలు ఎత్తి యినుప కొక్కెంతో మట్టీ రాళ్ళూ తీయడం. తర్వాత ఖరారా, అంటే యినుప పళ్ళ దువ్వెన, కండ వున్నచోట మాత్రమే గుండ్రంగా తిప్పుతూ. ఎముక మీద ఖరారా పెడితే దెబ్బలు తినేవాళ్ళము. ఆ తర్వాత ఎండుగడ్డిని తాడులా మెలిపెట్టి చుట్టచేసి, తడి చల్లి, భుజాలమీద, తొడలమీద దబదబమని కొట్టి రుద్దేవారు. చర్మం మెరిసేది. నెత్తురు పారి కండ వదులవుతుంది. ఈనాడు దీన్నే మసాజ్ అని గంటకింత అని తీసుకొంటున్నారు. సాయంత్రం బండి విప్పాక వెంటనే నీళ్ళు పెట్టేవారు కాదు. పట్టీలు వదులుచేసి, చెమట ఆరేదాకా మెల్లగా నడిపించి, తర్వాత కొంచెం కొంచెంగా తాగనిచ్చేవారు. దాణాకు ఉలవల గుగ్గిళ్ళు. ఇంగ్లీషువాడు ఉలవలకు గుర్రప్పప్పు అనే పేరు పెట్టాడు. ఇప్పుడేమో ఉలవచారు పెద్ద హోటళ్ళలో మీగడ వేసి అమ్ముతున్నారు. మా బాబా మాత్రం జీవితంలో ఉలవచారు ముట్టలేదు. దానికి కారణం వుంది.

1958 మే నెల. పెళ్ళిళ్ళ రోజులు. దాదా వేటపాలేనికి, చీరాలకు మధ్య పగలంతా తిరిగి రాత్రి పది దాటాక వచ్చారు. గుర్రం పేరు మోతీ, తెల్లది. దాదా కళ్ళు తిరిగి నులకమంచంమీద వాలిపోయారు. మా బాబాకు అప్పుడు పన్నెండేళ్ళు. నోరు తెరిచి రొప్పుతున్న మోతీని చూసి జాలిపడి, మర్నాటికని నానబెట్టిన ఉలవలు బకెట్టులో సగందాకా పెట్టి, దానిపైన బావినీళ్ళు తోడి తాగించారు. పిల్లవాడి ప్రేమ అది. అర్ధరాత్రికి మోతీ నేలమీద పొర్లడం మొదలుపెట్టింది. మెడ తిప్పి పదేపదే తన డొక్కనే చూసుకొంటున్నది. గుర్రానికి వాంతి రాదు. దాని పొట్ట వొంటికి తగినంత పెద్దది కాదు. లోపల ధాన్యం పులిసి గాలి నిండితే పైకి పోయే దారి లేదు. దాదా లేచి దాన్ని పొర్లనీయకుండా వీధిలో ఈ కొసనుంచి ఆ కొసకు నడిపించారు. పక్కింటివాళ్ళు లాంతర్లు పట్టుకొన్నారు. దాది నూనె వెచ్చచేసి యిస్తే డొక్కలకు మర్దన చేశారు. ఊళ్ళో వైద్యం చేసేవారిని పిలవడానికి ఒకరు వెళ్ళారు. గుర్రానికా, పొద్దున రమ్మనండి అన్నారట. ఫజర్ అజాన్ వేళకు మోతీ పడిపోయింది.

దాదా బాబాను ఒక్క మాట అనలేదు. "నేను చెప్పకుండా పడుకున్నాను, నాదే తప్పు" అని మాత్రం అన్నారు. బాబా తన డెబ్భయ్యో యేట కూడా యీ సంగతి చెప్పేటప్పుడు సగంలో ఆగిపోయేవారు.

అప్పు చేసి రెండో గుర్రాన్ని కొన్నారు. ఎర్రటి ఆడగుర్రం. ఏడాదిలోపే ఒక వర్తకుడు రెట్టింపు మూటలు వేయించాడు, కూలి పోతుందని దాదా కాదనలేకపోయారు. మర్నాడు చీకట్లో నిమిరితే ముందు ఎడమకాలు వేడి. చాలామంది వాత పెట్టమన్నారు. కాల్చిన యినుప కడ్డీతో స్నాయువుమీద వాతలు పెట్టడం మన దేశంలోనే కాదు, యూరపులోనూ పెద్ద వైద్యమే. నిజం చెప్పాలంటే దాదా కూడా అంతకుముందు వేరే గుర్రాలకు వాతలు పెట్టించినవారే. పాతదంతా మంచిదని మేము అనము. దానివల్ల స్నాయువుకు లాభం లేదని, నొప్పి మాత్రం మిగులుతుందని 1983లో ఇంగ్లండులో ప్రచురించిన పరిశోధనలో తేల్చారు. ఈసారి మాత్రం దాదాకు మనసొప్పలేదు. మోతీ పోయిన ఏడాదే అది. బండి షెడ్డులో పెట్టేసి, రోజూ తెల్లవారుఝామున గుర్రాన్ని చేత్తో నడిపించుకొంటూ ఓడరేవు సముద్రానికి తీసుకెళ్ళేవారు. మోకాలి లోతు నీళ్ళలో అరగంట నిలబెట్టడం, మెల్లగా నడిపించి తీసుకురావడం, తడి ఆర్చి పాత పంచె గుడ్డతో కాలికి పట్టీ చుట్టడం. జాలర్లు నవ్వేవారు, "గుర్రానికి సముద్రస్నానమా సాయిబూ, మొక్కేమైనా వుందా?" అని. రెండు నెలలు బండి కట్టలేదు. దాది గాజులు అమ్మారు. ఇంట్లో ఒకపూటే వండేవారు. మూడో నెలలో ఖాళీ బండి, నాలుగో నెలలో ఇద్దరే సవారీలు. ఆ గుర్రం తర్వాత తొమ్మిదేళ్ళు బండి లాగింది.

చల్లని నీరు, విశ్రాంతి, కొద్ది కొద్దిగా పెంచిన నడక. ఇవాళ పందెపు గుర్రాలకు గాజు తొట్లలో నీళ్ళుపోసి నడిపించే యంత్రాలు వచ్చాయి. అందులో వున్నదీ యిదే.

1965లో బరువులు లాగే జంతువులకు కేంద్ర ప్రభుత్వం నియమాలు చేసింది. బండిలో తోలేవాడు, ఆరేళ్ళలోపు పిల్లలు గాక నలుగురికన్నా ఎక్కువ ఎక్కరాదు. రోజుకు తొమ్మిది గంటలకన్నా పని చేయించరాదు. వేడి 37 డిగ్రీలు దాటితే పగలు పన్నెండు నుంచి మూడుదాకా బండి కట్టరాదు. నియమం చాలా మంచిది. మన కోస్తాలో ఏప్రిల్, మే నెలల్లో ఆ లెక్కన మధ్యాహ్నం రైలుకు జట్కా వుండకూడదు. రైలు దిగినవారు ఆగుతారా? నలుగురి కూలితో గుర్రానికి దాణా, యింటికి బియ్యం రెండూ వస్తాయా? ఆ లెక్క నియమంలో లేదు. దాదా మధ్యాహ్నం స్టేషను చెట్టుకింద గుర్రానికి తడి గోనె కప్పి, తాను ఎండలో కూర్చునేవారు. తర్వాత రిక్షాలు వచ్చాయి, ఆ తర్వాత ఆటోలు. ఎర్రగుర్రం ముసలిదయ్యాక మరొకటి కొనలేదు. బాబా బట్టల కొట్లో గుమాస్తాగా చేరారు. లాడాలు కొట్టే నాల్‌బంద్ సాహెబ్ ఎద్దులకు కొట్టుకొని కొన్నాళ్ళు నెట్టుకొచ్చి, ట్రాక్టర్లు వచ్చాక గేట్లు, కిటికీలు చేసే పనిలోకి మారారు.

మొన్న సెలవుల్లో మనవళ్ళను తీసుకొని ఓడరేవు వెళ్ళాము. ఇసుకమీద పిల్లలను ఎక్కించి తిప్పే గుర్రాలు రెండు మూడు వున్నాయి. అందులో ఒకటి తల ఊపుతూ నడుస్తున్నది. ముందుకాలు నొప్పి వున్న గుర్రం ఆ కాలు నేలమీద పెట్టినప్పుడు తల పైకెత్తుతుంది, దాదా చెప్పినది. అలవాటు పోదు గదా, వెళ్ళి కాలు నిమిరాము. కుడికాలు కాగుతున్నది. తోలే కుర్రవాడికి పద్దెనిమిదేళ్ళు వుంటాయేమో. "బేటా, దీన్ని యివాళ తిప్పకు" అన్నాము. వాడు మమ్మల్ని ఎగాదిగా చూసి, "తెలుసు సార్, ఫోన్లో వీడియో చూశాను, ఐసు పెట్టమన్నారు. ఐసు ఎక్కడ తేను?" అన్నాడు. మేము సముద్రం వైపు చూపించాము. వాడు ఒక్కక్షణం ఆలోచించి, జీను విప్పి ఇసుకమీద పడేసి, ఫ్యాంటు మోకాళ్ళదాకా మడుచుకొని, గుర్రాన్ని అలల్లోకి నడిపించాడు. "ఎంతసేపు తాతా?" అని అక్కడినుంచి అరిచాడు. అరగంట అన్నాము.